మగ్గం మాటలకు ఒక వికీ: ఏ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలి?

ప్రశ్న: మాది చేనేత ఊరు. మగ్గం మీద కూర్చునేవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. మా తరంవాళ్లం కొందరం ఊళ్లోనే ఉన్నాం, కొందరం హైదరాబాదు, బెంగళూరుల్లో, ఇద్దరు అమెరికాలో. రెండేళ్లుగా ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకుని, మా పెద్దవాళ్ల చేత పనిముట్ల పేర్లు, పడుగు (మగ్గానికి కట్టే నిలువు దారాలు) చేసే పద్ధతులు, అద్దకం సంగతులు చెప్పించి ఆడియోలు, ఫోటోలు పోగుచేస్తున్నాం. ఇప్పుడు ఏది ఎక్కడుందో వెతికితే దొరకడం లేదు. అందరం కలిసి రాసే ఒక వికీ సైటు పెట్టాలనుకుంటున్నాం. ఉచిత, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరే కావాలి. ఒకరు మీడియావికీ అంటారు, ఇంకొకరు డోకువికీ తేలిక అంటారు, అమెరికాలో ఉన్న తమ్ముడు బుక్‌స్టాక్, వికీ.జేఎస్ చూడమంటున్నాడు. మాలో సర్వర్ల పని తెలిసినవాడు ఒక్కడే. రాసేవాళ్లలో సగం మంది యాభై దాటినవాళ్లు, ఫోన్‌లోనే రాస్తారు. ఏది ఎంచుకోవాలి? ఈ ఆడియోలన్నీ ఏం చేయాలి?

సమాధానం: మీకు మీడియావికీ సరిపోతుంది. ఒక షరతు ఉంది: దాన్ని ఏళ్ల తరబడి అప్‌డేట్ చేస్తూ ఉండే మనిషి కావాలి. ఆ ఒక్క కుర్రాడికి రేపు ఉద్యోగం మారి తీరిక లేకపోతే పని అందుకునే రెండోవారు మీలో లేకపోతే, డోకువికీకి వెళ్లండి. ఈ మాట ముందే ఎందుకంటున్నానంటే, వికీ సాఫ్ట్‌వేర్లను పోల్చే పట్టికలు చూస్తే అన్నిటికీ అన్నీ ఉన్నట్టే కనిపిస్తాయి. పొద్దున్నే ఫోన్ తీసి రాసేది ఎవరు, మూడేళ్ల తర్వాత సర్వర్ చూసుకునేది ఎవరు అన్నది ఏ పట్టికలోనూ ఉండదు. ఎంపిక తేలేది అక్కడే.

దానికన్నా ముందు, మీ దగ్గరున్న సరుకులో కొంత భాగానికి సొంత సైటు అవసరమే లేదు. మగ్గం మాటల అర్థాలను తెలుగు విక్షనరీలో చేర్చవచ్చు. మీరు తీసిన ఫోటోలను వికీమీడియా కామన్స్‌లో పెట్టవచ్చు. రెండూ ఉచితం, నిర్వహణ భారం మీ మీద పడదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి ఉంది, వ్యాసాలు లక్ష దాటాయి, చేనేత గురించి అక్కడ రాయాల్సింది ఇంకా ఎంతో ఉంది. అయితే వికీపీడియాలో రాసే ప్రతి విషయానికీ ప్రచురితమైన ఆధారం చూపాలి. మీ పెదనాన్నగారు అరుగు మీద కూర్చుని చెప్పిన సంగతి ఎంత నిజమైనా అక్కడ ఆధారంగా నిలవదు. మీ దగ్గరున్న అసలు సంపద మాత్రం అదే, ఎక్కడా అచ్చుకాని మాట. కాబట్టి సొంత వికీ పెట్టుకోవాలన్న మీ ఆలోచన సరైనదే. అక్కడ ఆధారంగా మనిషి పేరు, ఊరు, చెప్పిన తేదీ రాసుకోండి.

ఇక మీడియావికీ ఎందుకు? వికీపీడియా నడిచేది దాని మీదే కాబట్టి అని చాలామంది చెబుతారు. అది పెద్ద కారణం కాదు. వికీపీడియాకు వచ్చే జనం మీకు రారు, అంత బలం మీకు అక్కర్లేదు. మీలాంటి పనికి అది పనికొచ్చేది వేరే సంగతుల వల్ల.

మొదటిది దారిమార్పు. ఊరు మారితే పనిముట్టు పేరు మారుతుందని మీకు నేను చెప్పాలా? ఒకే వస్తువుకు మీ ఊళ్లో ఒక పేరు, పక్క ఊళ్లో ఇంకో పేరు. ఏది అసలు పేజీ కావాలన్న దగ్గర పెద్దవాళ్ల మధ్య పట్టుదలలు వస్తాయి. మీడియావికీలో ఒక పేరు మీద పేజీ రాసి, మిగతా పేర్లన్నిటినీ దానికి దారి మళ్లించవచ్చు. ఎవరు ఏ పేరుతో వెతికినా అదే పేజీకి చేరతారు, ఎవరి మాటా పోదు. ఇది సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది, అదనంగా ఏదీ పెట్టక్కర్లేదు. డోకువికీలో దీనికి ప్లగిన్ (విడిగా చేర్చుకునే భాగం) వెతుక్కోవాలి. పదకోశం లాంటి పనికి నా లెక్కలో ఇదే అన్నిటికన్నా విలువైన సౌకర్యం.

రెండోది ఎర్ర లింకు. పడుగు గురించి రాస్తూ ‘ఆసు’ అన్న మాటకు లింకు పెట్టారనుకోండి. ఆ పేజీ ఇంకా ఎవరూ రాయకపోతే లింకు ఎర్రగా కనిపిస్తుంది. ఆసు పోసిన చేతులున్న పెద్దమ్మ ఎవరో దాన్ని నొక్కితే ఖాళీ పేజీ తెరుచుకుంటుంది, రాయడం మొదలుపెట్టవచ్చు. ఏం రాయాలో ఎవరూ ఎవరికీ పురమాయించక్కర్లేదు, ఎర్ర లింకులే పని చూపిస్తాయి. డోకువికీలోనూ ఇది ఉంది. బుక్‌స్టాక్‌లో లేదు, అక్కడ ఉన్న పేజీలకే లింకు ఇస్తారు.

మూడోది తెలుగు. మీడియావికీ మెనూలను స్వచ్ఛంద కార్యకర్తలు ఏళ్ల తరబడి తెలుగు చేశారు. సైటు భాష తెలుగని పెట్టగానే మార్చు, చరిత్ర, చర్చ, ఇటీవలి మార్పులు అని కనిపిస్తాయి. కంప్యూటర్‌లో తెలుగు టైపింగ్ లేనివారికి యూనివర్సల్ లాంగ్వేజ్ సెలెక్టర్ అనే పొడిగింపు (మీడియావికీకి ప్లగిన్ లాంటిది) పెడితే, పేజీలోనే లిప్యంతరీకరణతో (ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించడం) గానీ ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పద్ధతితో గానీ టైపు చేయవచ్చు. 2020లో వచ్చిన 1.35 వెర్షన్ నుంచి విజువల్ ఎడిటర్ కూడా సాఫ్ట్‌వేర్‌తో పాటే వస్తోంది. అంటే లింకుకు చదరపు బ్రాకెట్లు, బొద్దు అక్షరాలకు కొటేషన్ గుర్తులు అంటూ నేర్చుకోకుండా, వర్డ్‌లో రాసినట్టు రాసేయవచ్చు. ఫోన్‌లో రాసేవారి కోసం మొబైల్‌ఫ్రంటెండ్ అనే పొడిగింపును, మినర్వా అనే స్కిన్‌ను (పేజీ కనిపించే రూపాన్ని) పెట్టమని మీ కుర్రాడితో చెప్పండి. పెద్దవాళ్లు ఫోన్ కీబోర్డులో మైక్ గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడి రాయించుకోవచ్చు. తప్పులు పడితే మిగతావాళ్లు సరిచేస్తారు, వికీ ఉన్నదే అందుకు.

ఒకే పేజీని ఇద్దరు ఒకేసారి తెరిస్తే ఏమవుతుందన్నది కూడా ముందే తెలుసుకోవాలి. మీడియావికీ ఇద్దరినీ రాయనిస్తుంది. వేర్వేరు పేరాలు మార్చితే తనే కలిపేస్తుంది. ఒకే వాక్యం మీద ఇద్దరూ పడితే, రెండోవారికి రెండు రూపాలూ చూపించి తేల్చుకోమంటుంది. డోకువికీ పద్ధతి వేరు. ఒకరు మార్చడానికి తెరిస్తే పేజీకి తాళం పడుతుంది, మామూలు అమరికలో ఆ తాళం గడువు 15 నిమిషాలు. ఫోన్‌లో పేజీ తెరిచి, ఎవరో పిలిస్తే అలాగే వదిలేసి వెళ్లడం పెద్దవాళ్లకు అలవాటు. అప్పుడు మిగతావాళ్లు పావుగంట ఆగాలి. చిన్న గ్రూపులో ఇది పెద్ద బాధ కాదు గానీ, ‘నాకు ఎడిట్ రావట్లేదు’ అన్న మెసేజీలు మాత్రం వస్తాయి.

డోకువికీని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నాకు దాని మీద ఎంతో గౌరవం ఉంది. 2004లో ఆండ్రియాస్ గోర్ మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్‌కు డేటాబేసే అక్కర్లేదు. ప్రతి పేజీ ఒక మామూలు టెక్స్ట్ ఫైలు. బ్యాకప్ అంటే ఫోల్డరును కాపీ చేసుకోవడమే. రేపు సర్వర్ పోయినా, సాఫ్ట్‌వేరే లేకుండా పోయినా, పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఆ ఫైళ్లను నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. మనుషుల జ్ఞాపకాలను దాచే పనికి ఇది చిన్న భరోసా కాదు. పేజీల వారీగా ఎవరు చూడాలి, ఎవరు మార్చాలి అన్న అనుమతులు కూడా అందులోనే ఉన్నాయి. మీడియావికీ ఈ విషయంలో బలహీనం. అది అందరూ చదవడానికి కట్టినది, కొన్ని పేజీలను మాత్రమే దాచాలంటే నమ్మకంగా కుదరదు.

కానీ డోకువికీని తెలుగుకు వాడేవారు మొదటి రోజే ఒక అమరిక మార్చాలి. అది పేజీ పేరునే ఫైలు పేరుగా పెడుతుంది. మామూలు అమరికలో తెలుగు అక్షరాలను శాతం గుర్తులు, అంకెలుగా మార్చి రాస్తుంది. తెలుగులో ప్రతి అక్షరం, ప్రతి గుణింతపు గుర్తు, ప్రతి పొల్లు విడివిడిగా లెక్కకు వస్తాయి. ఒక్కొక్కటి ఫైలు పేరులో తొమ్మిది స్థానాలు, అంటే తొమ్మిది బైట్లు తింటుంది. సాధారణ లినక్స్ సర్వర్లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ‘గుంట మగ్గం మీద పట్టుచీర నేసే విధానం’ అని పేజీ పెట్టబోయారనుకోండి. చూడటానికి ఆరు మాటలే. అందులో అక్షరాలు, గుర్తులు కలిపి 30, తొమ్మిదితో గుణిస్తే 270. పేజీ సేవ్ కాదు, ఎందుకు కాలేదో రాసినవారికి అర్థం కాదు. ఫైలు పేర్ల ఎన్‌కోడింగ్ అన్న అమరికలో యూటీఎఫ్-8 ఎంచుకుంటే ఒక్కో గుర్తుకు మూడు బైట్లే పడతాయి, ఇదే పేరు వందలోపు సరిపోతుంది. పేజీలు రాయడం మొదలయ్యాక ఈ అమరిక మార్చితే పాత పేజీలు కనిపించకుండా పోతాయి, కాబట్టి ముందే మార్చాలి. మీడియావికీలోనూ పేజీ పేరుకు 255 బైట్ల హద్దు ఉంది గానీ, అక్కడ మొదటి నుంచీ ఒక్కో గుర్తుకు మూడే. అంటే 85 గుర్తుల దాకా చోటు ఉంటుంది, దాదాపు ఎప్పుడూ అడ్డురాదు.

బుక్‌స్టాక్ చూడముచ్చటగా ఉంటుంది, పెట్టుకోవడమూ కష్టం కాదు. అల్మరా, పుస్తకం, అధ్యాయం, పేజీ అన్న వరసలో సర్దుతుంది. ఆఫీసులో పని పద్ధతులు రాసుకోవడానికో, ఒక కోర్సు పాఠాలకో నేను దాన్నే చెబుతాను. మీ సరుకు ఆ వరసలో ఇమడదు. నాడె (పడుగు మధ్య నుంచి అడ్డదారాన్ని తీసుకెళ్లే పనిముట్టు) అన్న మాట పనిముట్లలోనూ వస్తుంది, నేత పద్ధతిలోనూ వస్తుంది, పాటలోనూ వస్తుంది. దాన్ని ఏ పుస్తకంలో పెట్టాలని కూర్చుంటే పని సాగదు. ఒకే పేజీని నాలుగు వర్గాల్లో చేర్చగలగడం మీకు ముఖ్యం.

వికీ.జేఎస్ నోడ్ అనే ప్రోగ్రాము మీద నడుస్తుంది. మామూలు షేర్డ్ హోస్టింగ్‌లో (ఒకే సర్వర్‌ను పలు సైట్లు పంచుకునేది) పెట్టలేరు, ఎప్పుడూ నడుస్తూ ఉండే సొంత వర్చువల్ సర్వర్, దాని మీద డేటాబేసు చూసుకోవాలి. మీ తమ్ముడికి అది సులువే కావచ్చు, అతను లేని రోజున మిగతావారికి కాదు. ఎక్స్‌వికీ జావా మీద నడిచే పెద్ద సంస్థల సరంజామా. టిడ్లీవికీ ఒక్క మనిషి నోట్‌బుక్‌కు అద్భుతం, పదిమంది రాసే సైటుకు కాదు. అవుట్‌లైన్ పేరు కూడా మీ చెవిన పడవచ్చు. దాని కోడ్ చూడటానికి దొరుకుతుంది గానీ లైసెన్సు ఓపెన్ సోర్స్ కాదు, మీరు పెట్టుకున్న నియమం ప్రకారం అది పక్కకే.

ఇప్పుడు నిర్వహణ సంగతి. మీడియావికీ కొత్త వెర్షన్ ఆరు నెలలకొకటి వస్తుంది, దాని వెంట పరుగెత్తకండి. రెండేళ్లకొకసారి వచ్చే దీర్ఘకాల మద్దతు వెర్షన్‌నే వాడండి. 1.43 అలాంటిది, 2024 డిసెంబరులో వచ్చింది, దానికి మూడేళ్లు భద్రతా సవరణలు వస్తాయి. పీహెచ్‌పీ (మీడియావికీని రాసిన ప్రోగ్రామింగ్ భాష) 8.1 లేదా ఆపైన ఉన్న హోస్టింగ్ చాలు. పొడిగింపులు ఎంత తక్కువ పెట్టుకుంటే అప్‌డేట్ అంత సాఫీగా సాగుతుంది. ఈ సమాధానంలో నేను చెప్పినవాటికి మించి మొదటి ఏడాది ఏదీ వద్దు. వికీపీడియాలో ఉన్న అందమైన మూసలన్నీ (పేజీల్లో మళ్లీ మళ్లీ వాడే తయారు భాగాలు) తెచ్చిపెట్టాలని మీ కుర్రాడికి అనిపిస్తుంది. ఒక్క మూసకు వెనక పది మూసలుంటాయి, ఆపమనండి. పనిముట్టు పేజీకి ఒక చిన్న పెట్టె చాలు: పేరు, ఇతర పేర్లు, దేనితో చేస్తారు, ఎవరు చెప్పారు.

బ్యాకప్‌లో డేటాబేసు, బొమ్మల ఫోల్డరు, అమరికల ఫైలు మూడూ ఉండాలి. వీటికి తోడు నెలకోసారి పేజీల పాఠమంతా ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా ఎగుమతి చేసి, ఊళ్లో ఒకరి దగ్గర, బయట ఒకరి దగ్గర పెట్టండి. ఆ ఫైలు ఉంటే వేరే ఏ మీడియావికీలోకైనా మీ పేజీలు ఎక్కించుకోవచ్చు. ఏడాదికోసారి బ్యాకప్ నుంచి నిజంగా సైటు లేపి చూడండి, చూడనంతవరకు దాన్ని నమ్మలేం. డొమైన్ పేరు, హోస్టింగ్ ఖాతా ఒక్కరి కార్డు మీద, ఒక్కరి ఈమెయిల్ మీద ఉండకూడదు. సైట్లు ఎక్కువగా పోయేది సాఫ్ట్‌వేర్ చెడి కాదు, డొమైన్ గడువు ముగిసిన సంగతి ఎవరికీ తెలియక.

సర్వరే వద్దనుకుంటే మిరాహీజ్ లాంటి ఉచిత మీడియావికీ హోస్టింగ్ ఉంది, ప్రకటనలు ఉండవు. 2023లో దాన్ని మూసేస్తున్నామని ప్రకటించి, తర్వాత ఆ ఆలోచన మానుకుని కొనసాగించారు. పాఠశాలల్లో ఎంతో వాడుకలో ఉన్న వికీస్పేసెస్‌ను 2018లో మూసేశారు, అది నిలబడలేదు. కాబట్టి ఎవరి దగ్గర పెట్టినా పాఠాన్ని బయటికి తీసుకునే దారి చూసుకోండి. వికీపీడియా కూడా 2001 జనవరిలో యూజ్‌మాడ్ వికీ మీద మొదలై, ఏడాదికే వేరే సాఫ్ట్‌వేర్‌కు మారింది. రాసినదాన్ని వెంట తెచ్చుకోగలిగారు కాబట్టే అది సాధ్యమైంది.

చదవడం అందరికీ తెరిచి ఉంచండి. రాయడం మాత్రం ఖాతా ఉన్నవారికే, ఖాతా నిర్వాహకులే ఇచ్చేలా పెట్టండి. తెరిచి వదిలేసిన వికీలో కొద్ది రోజుల్లోనే మందుల ప్రకటనలు, జూదం లింకులు నిండిపోతాయి. తర్వాత కొత్తవారిని నేరుగా చేరనివ్వాలనుకుంటే, ఖాతా తెరిచేటప్పుడు మీకు నచ్చిన ప్రశ్న అడిగే సౌకర్యం మీడియావికీతోనే వస్తుంది. ‘పడుగుకు అడ్డంగా నేసే నూలును ఏమంటారు?’ అని అడగండి. పేక అని తెలిసినవారే మీకు కావాల్సినవారు, మామూలు స్పామ్ బాట్లు అక్కడే ఆగిపోతాయి.

వెతుకులాట గురించి ఆశలు తగ్గించుకోవాలి. కొత్తగా పెట్టిన వికీలకు తెలుగు విభక్తులు తెలియవు. ‘మగ్గం’ అని వెతికితే ‘మగ్గానికి’, ‘మగ్గాలు’ ఉన్న పేజీలు రావు. ‘మగ్గ’ అని రాసి పక్కన నక్షత్రం గుర్తు పెడితే మూడూ వస్తాయి. ఈ చిట్కాను మొదటి పేజీలోనే రాసిపెట్టండి. వర్గాలు, దారిమార్పులు శ్రద్ధగా పెట్టుకుంటే వెతకాల్సిన అవసరమే తగ్గుతుంది.

లైసెన్సును మొదటి రోజే తేల్చుకోండి. క్రియేటివ్ కామన్స్ బై-ఎస్‌ఏ 4.0 పెట్టుకుంటే, మీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మీ రాతలను తర్వాత వికీపీడియాలోకి తీసుకెళ్లడానికీ లైసెన్సు అడ్డు ఉండదు. ఐదేళ్ల తర్వాత లైసెన్సు పెడదామంటే రాసిన ప్రతి ఒక్కరి అనుమతి అడగాలి, అప్పటికి కొందరు ఉండకపోవచ్చు. సైటు పెట్టేముందు పెద్దవాళ్లకు ఒక్కొక్కరికీ చెప్పండి: మీ మాట, మీ ఫోటో, మీ పేరు ఊరందరికీ, లోకానికీ కనిపిస్తాయని. కొందరు అద్దకపు రహస్యాలు ఇంట్లోనే ఉండాలనుకుంటారు. అది వాళ్ల హక్కు, ఆ ఆడియోను సైటులో పెట్టకండి.

ఎంపిక ఖాయం చేసేముందు మీడియావికీ, డోకువికీ రెండిటినీ పరీక్షకు పెట్టి, మీలో అందరికన్నా పెద్దాయన చేతికి ఫోన్ ఇవ్వండి. ఆయన చేత ఒక పనిముట్టు గురించి నాలుగు వాక్యాలు, ఒక ఫోటో పెట్టించండి. పక్కన కూర్చోండి గానీ వేలు పెట్టకండి. ఆయన ఎక్కడ ఆగారో రాసుకోండి. నేను చెప్పినదానికి అది విరుద్ధంగా తేలితే ఆయన మాటే తీసుకోండి.

చివరికి ఆడియోలు. మీడియావికీ మామూలుగా బొమ్మలనే ఎక్కించనిస్తుంది. ఆడియో రకాలను అమరికల ఫైలులో చేర్చాలి, పేజీలోనే వినిపించడానికి టైమ్డ్‌మీడియాహ్యాండ్లర్ పొడిగింపు పెట్టాలి. పీహెచ్‌పీ మామూలు అమరికలో 2 ఎంబీ దాటిన ఫైలు ఎక్కదు, దాన్నీ పెంచాలి. వాట్సాప్ వాయిస్ మెసేజీలు ఓపస్ రకంలో ఉంటాయి. వినేవారి సౌకర్యానికి ఎంపీ3గా మార్చి ఎక్కించండి, అసలు ఫైలు కూడా దాచుకోండి. ప్రతి ఆడియో పక్కన అందులోని మాటలు రాతలో ఉండాలి, లేకపోతే అది వెతుకులాటకు దొరకదు. అమెరికాలో ఉన్న ఇద్దరికీ ఈ పని అప్పజెప్పవచ్చు, వారానికి ఒకటి విని రాసినా చాలు.

ఇదంతా సైటు వచ్చాక. ఈ వారం చేయాల్సింది వేరే ఉంది. ఆ ఆడియోలు ఇప్పుడు ఫోన్లలో పీటీటీ అని మొదలై, తేదీ, అంకెలు ఉన్న పేర్లతో పడి ఉంటాయి. ఎవరు మాట్లాడారో పేరు చూస్తే తెలియదు, ఫోన్ మారినా, నిండిందని ఎవరైనా తుడిచినా పోతాయి. గ్రూపులో ఎవరి దగ్గర ఎక్కువ ఉన్నాయో కనుక్కుని, అన్నిటినీ ఒక హార్డ్‌డిస్కులోకి దించి, ఒక్కొక్కదానికీ చెప్పినవారి పేరు, ఊరు, సంగతి, తేదీ పెట్టండి. ఫోటోలను డాక్యుమెంటుగా పంపమనండి, మామూలుగా పంపితే వాట్సాప్ వాటిని కుదించేస్తుంది. సాఫ్ట్‌వేర్ మీద మీ చర్చ ఇంకో నెల సాగినా ఫర్వాలేదు, ఈ పని మాత్రం ఆపకండి.